ఇంట్లోనే సొంత సోషల్ సర్వర్: రాస్‌బెర్రీ పై 5 మీద గోటుసోషల్ పనితనం

కూ యాప్ 2024 జూలైలో మూతపడింది. అందులో తెలుగులో రాసుకున్నవాళ్ల పోస్టులూ, పోగేసుకున్న ఫాలోవర్లూ కంపెనీతోపాటే పోయారు. అంతకుముందు 2019 నవంబరులో, సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ట్విట్టర్ ఖాతా సస్పెండ్ అయినప్పుడు, మన దేశం నుంచి చాలామంది ఒక్కసారిగా మాస్టొడాన్‌కి వెళ్లారు. అది ట్విట్టర్ లాంటిదే, కానీ ఒకే కంపెనీ చేతిలో కాక వేర్వేరు సర్వర్లలో నడుస్తుంది. వెళ్లింది మాత్రం ఎవరో నడుపుతున్న సర్వర్లలోకే. ఆ నడిపేవాళ్లకి ఓపికో డబ్బో అయిపోతే మళ్లీ మూటాముల్లె సర్దుకోవాల్సిందే. ఈ బాధ తప్పాలంటే చిరునామా మన డొమైన్ మీద, డేటా మన డిస్కులో ఉండాలి. ఇవాళ ఆ పనిని ఇంట్లో, అరచేతిలో పట్టే కంప్యూటర్‌తో చేసుకోవచ్చు. దానికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే తగిన జోడీ గోటుసోషల్ అనే ప్రోగ్రామ్, రాస్‌బెర్రీ పై 5 అనే ఆ చిన్న కంప్యూటర్ (కింద ‘పై’, ‘పై 5’ అన్నది దీన్నే). ఈ రివ్యూ ఆ రెండిటిదీ.

గోటుసోషల్ అంటే గో భాషలో రాసిన చిన్న సర్వర్ ప్రోగ్రామ్. ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సుతో ఉచితం. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి యాక్టివిటీపబ్ అనే పద్ధతి ఉంది; మాస్టొడాన్ దాని మీద నడుస్తుంది, ఇదీ దాని మీదే నడుస్తుంది. 2018 జనవరిలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణంగా ఖరారు చేసింది దాన్నే. కాబట్టి మీ ఇంటి సర్వర్ నుంచి మాస్టొడాన్‌లో ఉన్నవాళ్లని, ఫొటోలు పంచుకునే పిక్సెల్‌ఫెడ్‌లో ఉన్నవాళ్లని ఫాలో అవొచ్చు, వాళ్లు మిమ్మల్ని అవొచ్చు.

నా తీర్పు ముందే చెప్తాను. ఒక్కరికో, ఒక ఇంటికో, నలుగురైదుగురు స్నేహితులకో అయితే ఇంతకంటే తేలికైనది లేదు. సాఫ్ట్‌వేర్‌కి ఐదుకి నాలుగున్నర, పై 5కి నాలుగు. ఇబ్బంది పెట్టేవి రెండు: మన బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్, మన కరెంటు. అందుకే ఈ రివ్యూలో ఎక్కువ భాగం వాటికే పోతుంది.

మాస్టొడానే పెట్టుకోవచ్చుగా?

పెట్టుకోవచ్చు, కానీ అది ఒక ప్రోగ్రామ్ కాదు. రూబీ ఆన్ రైల్స్ వెబ్ భాగం ఒకటి, వెనకాల పనులు చేసే సైడ్‌కిక్ ఒకటి, స్ట్రీమింగ్‌కి నోడ్ ఒకటి, ఆపైన పోస్ట్‌గ్రెస్, రెడిస్ అనే రెండు డేటాబేస్‌లు. అయిదింటినీ నడిపించి, ప్రతి అప్‌గ్రేడ్‌కీ అయిదూ కలిసి పనిచేస్తున్నాయో లేదో చూసుకోవాలి. 2 జీబీ ర్యామ్‌లో ఊపిరాడదు, 4 జీబీ ఉంటే నయం. ఒక్క మనిషి ఖాతా కోసం ఇంత దేనికి?

గోటుసోషల్ ఒకే ఒక్క ఫైలు. డేటాబేస్‌కి ఎస్‌క్యూలైట్ చాలు, విడిగా ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. మామూలుగా 250 నుంచి 350 ఎంబీ ర్యామ్ తీసుకుంటుంది. 2 జీబీ పై మీద హాయిగా నడుస్తుంది. పోస్టు నిడివి మాస్టొడాన్‌లో మామూలుగా 500 అక్షరాలైతే ఇక్కడ 5000. తెలుగులో ఒక విషయం కుదురుగా రాయాలనుకునేవాళ్లకి ఇది పెద్ద సుఖం, ముక్కలు చేసి దారం కట్టే పని ఉండదు. మీ పోస్టుకి ఎవరు జవాబివ్వొచ్చో మీరే నిర్ణయించే ఏర్పాటు ఉంది: అందరూనా, ఫాలోవర్లేనా, ఎవరూ వద్దా అని. అవతలి సాఫ్ట్‌వేర్‌కి ఈ ఏర్పాటు అర్థం కాకపోతే వాళ్ల సర్వర్లో జవాబు కనిపిస్తూనే ఉంటుంది గానీ మీ సర్వర్ దాన్ని లోపలికి రానివ్వదు. కావాలనుకుంటే మీ పోస్టులకి ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ కూడా ఇస్తుంది.

లేనివేమిటో కూడా తెలుసుకునే దిగాలి. పోస్టు రాసుకునే వెబ్ పేజీ దీనికి లేదు. సెట్టింగుల పానెలూ, బయటివాళ్లు చూసే ప్రొఫైల్ పేజీ మాత్రమే ఉంటాయి. రాయడానికీ చదవడానికీ మాస్టొడాన్ కోసం చేసిన యాప్‌లు వాడాలి. ఆండ్రాయిడ్‌లో టస్కీ, ఐఫోన్‌లో ఫీడిటెక్స్ట్, బ్రౌజర్‌లో ఫ్యాన్‌పీ, ఇవి మూడూ బాగా కుదురుతాయి. మాస్టొడాన్‌నే దృష్టిలో పెట్టుకుని చేసిన కొన్ని యాప్‌లలో అక్కడక్కడ ఒక బటన్ పనిచెయ్యకపోవడం, ఒక ట్యాబ్ ఖాళీగా కనిపించడం ఉంటుంది. ట్రెండింగ్ లేదు. ఊళ్లోవాళ్లందరి పోస్టుల్లో పదం పెట్టి వెతికే సౌకర్యం లేదు. నాకైతే ట్రెండింగ్ లేకపోవడం లోటుగా అనిపించదు. వెతకడం లేకపోవడం మాత్రం లోటే, అరమార్కు తగ్గించింది దానికే.

ఏమేం కొనాలి

పై 5లో 2 జీబీదే చాలు. ఇంకేవైనా పెట్టాలనుకుంటే 4 జీబీది తీసుకోండి. బోర్డు కంటే ముందు అడాప్టర్ మీద శ్రద్ధ పెట్టండి. దానికోసమే చేసిన 27 వాట్ల అడాప్టర్ 5.1 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు ఇస్తుంది. ఇంట్లో ఉన్న ఫోన్ ఛార్జర్ పెడితే బోర్డు ఆన్ అవుతుంది, పనిచేస్తున్నట్టే ఉంటుంది. కానీ 5 ఆంపియర్ల అడాప్టర్ కాదని తెలియగానే పై 5 తన యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీఆంపియర్లే ఇస్తుంది. యూఎస్‌బీలో పెట్టిన ఎస్ఎస్‌డీకి రాసేటప్పుడు అది చాలదు. డిస్కు మధ్యలో మాయమవుతుంది, డేటాబేస్ లోపాలు మొదలవుతాయి, మనం సాఫ్ట్‌వేర్‌ని తిడతాం. వీసీజెన్‌సీఎండీ అనే కమాండ్‌కి గెట్-థ్రాటిల్డ్ అని కలిపి (vcgencmd get_throttled) కొడితే సున్నా రావాలి. వేరే ఏ అంకె వచ్చినా వోల్టేజీ పడిపోయిందనో, వేడెక్కిందనో అర్థం. ఎండాకాలంలో మన ఇళ్లలో వేడికి యాక్టివ్ కూలర్ తప్పనిసరి, ఖరీదు కూడా తక్కువే.

డిస్కు విషయంలో రాజీ పడకండి. ఎస్‌డీ కార్డు మీద సర్వర్ నడపొద్దు. ఎస్‌క్యూలైట్ చిన్నచిన్న రాతలు రోజంతా రాస్తూనే ఉంటుంది, ఆ రాపిడికి కార్డు నెలల్లో చెడిపోవచ్చు. ఒకరోజు కార్డు రీడ్-ఓన్లీ అయిపోయి కూర్చుంటుంది. ఎం.2 హ్యాట్ ప్లస్ అనే చిన్న బోర్డు బిగించి దానిమీద 256 జీబీ ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ పెట్టుకోవడం మేలు. కొనేటప్పుడు సైజు చూసుకోండి: ఆ హ్యాట్‌కి 2230, 2242 సైజులే పడతాయి. అంగళ్లలో ఎక్కువగా దొరికే 2280 దానికి పట్టదు, అది పట్టే వేరే కంపెనీల హ్యాట్‌లు ఉన్నాయి. అలాంటివి పెట్టినప్పుడు బోర్డు డిస్కుని గుర్తించకపోతే, ఈఈప్రామ్ (బోర్డు తన బూట్ సెట్టింగులు దాచుకునే చిప్) సెట్టింగుల్లో పీసీఐఈ-ప్రోబ్ (PCIE_PROBE) అనేదాన్ని 1 చెయ్యండి. రాస్పి-కాన్ఫిగ్ అనే సెట్టింగుల ప్రోగ్రామ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్ల కింద బూట్ ఆర్డర్‌లో ఎన్‌వీఎంఈని మొదట పెడితే ఎస్‌డీ కార్డు అసలే అక్కర్లేదు.

ఇంకో చిన్న వస్తువు అందరూ వదిలేసేది: గడియారం బ్యాటరీ. పై 4లో గడియారమే లేదు. పై 5లో ఉంది గానీ బ్యాటరీ విడిగా కొనాలి. దీనికోసం అమ్మేది రీఛార్జ్ అయ్యే రకం, దాన్ని ఛార్జ్ చెయ్యమని కాన్ఫిగ్ ఫైల్లో చెప్తేనే ఛార్జ్ చేస్తుంది. మామూలు వాచీ బ్యాటరీ తగిలించి ఆ ఛార్జింగ్ సెట్టింగ్ ఆన్ చెయ్యడం ప్రమాదం. ఈ బ్యాటరీ ఎందుకంత ముఖ్యమో కిందకి వచ్చాక తెలుస్తుంది.

పై దొరక్కపోయినా, దానిమీద మనసు లేకపోయినా, సెకండ్ హ్యాండ్ ఆఫీసు మినీ పీసీ ఉంది. లెనోవో థింక్‌సెంటర్ టైనీ, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ లాంటివి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు వెళ్తే ఇలాంటివి అడిగి చూడొచ్చు. కొనేముందు అడాప్టర్ ఆ కంపెనీదేనా చూడండి, బయోస్‌కి పాస్‌వర్డ్ ఉందేమో చూడండి, "కరెంటు వచ్చాక తనంతట తానే ఆన్ అవ్వు" అనే సెట్టింగ్ బయోస్‌లో ఉందో లేదో అక్కడే తెరిచి చూడండి. అది లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ మీరే బటన్ నొక్కాలి. ఇంట్లో సినిమాలు చూపించే జెల్లీఫిన్ అనే సర్వర్ కూడా పెట్టాలనుకునేవాళ్లకి మినీ పీసీయే సరైనది, ఎందుకంటే పై 5లో వీడియో ఎన్‌కోడ్ చేసే హార్డ్‌వేర్ లేదు. కరెంటు లెక్క చూస్తే, 5 వాట్లు తాగే పై నెలకి 3.6 యూనిట్లు, 12 వాట్లు తాగే మినీ పీసీ 8.6 యూనిట్లు.

పెట్టే పద్ధతి

ముందు డొమైన్. దీనిమీద ఒక పూట ఆలోచించండి, ఎందుకంటే సర్వర్ ఒక్కసారి బయటి సర్వర్లతో మాట కలిపాక దాని హోస్ట్ పేరు మార్చడం కుదరదు. కాన్ఫిగ్‌లో రెండు పేర్లు అడుగుతుంది. హోస్ట్ అంటే సర్వర్ నిజంగా ఉండే చోటు, ఉదాహరణకి మీ డొమైన్ ముందు "సోషల్" అని చేర్చినది. అకౌంట్-డొమైన్ అంటే మీ చిరునామాలో అందరికీ కనిపించే పేరు, అక్కడ ఉత్త డొమైన్ పెట్టుకుంటే చిరునామా పొట్టిగా అందంగా ఉంటుంది. అలా పెట్టుకుంటే ఉత్త డొమైన్ మీద, బయటి సర్వర్లు మీ ఆచూకీ అడిగే వెల్-నోన్ ఫోల్డర్‌లోని వెబ్‌ఫింగర్, హోస్ట్-మెటా, నోడ్‌ఇన్ఫో చిరునామాలని సోషల్ చిరునామాకి రీడైరెక్ట్ చెయ్యాలి. ఇది మొదటిసారి స్టార్ట్ చెయ్యకముందే జరగాలి. తర్వాత చేద్దాంలే అనుకుంటే బయటి సర్వర్లు మిమ్మల్ని పాత పేరుతో గుర్తుపెట్టుకుంటాయి.

రాస్‌బెర్రీ పై ఓఎస్ లైట్, తప్పనిసరిగా 64-బిట్‌ది వేయండి. 32-బిట్‌కి గోటుసోషల్ బృందం హామీ ఇవ్వదు. విడిగా ఒక యూజర్‌ని, ఒక ఫోల్డర్‌ని చేసి, పై ప్రాసెసర్‌కి సరిపడే ఏఆర్ఎం64 ఫైలు దించి విప్పండి. ఈ ప్రాజెక్టు గిట్‌హబ్ నుంచి కోడ్‌బర్గ్‌కి మారింది, పాత గైడ్లలో లింకులు చూసి మోసపోకండి. లోపల నమూనా కాన్ఫిగ్ ఫైలు ఉంటుంది, కాపీ చేసుకుని దిద్దండి. మొదటిసారి పెట్టేవాళ్లకి తగిలే మొదటి దెబ్బ డేటాబేస్ రకం: డిఫాల్ట్‌గా పోస్ట్‌గ్రెస్ అని ఉంటుంది, దాన్ని ఎస్‌క్యూలైట్ చెయ్యకపోతే లేని పోస్ట్‌గ్రెస్ కోసం వెతికి ఆగిపోతుంది. ఎస్‌క్యూలైట్ ఫైలుకీ, ఫొటోల స్టోరేజీకీ దారులు ఎన్‌వీఎంఈ మీద ఉన్న ఫోల్డర్లకి ఇవ్వండి. నెట్‌వర్క్ డ్రైవ్ మీద ఎస్‌క్యూలైట్ పెట్టొద్దు, లాకింగ్ సరిగ్గా పనిచెయ్యక ఫైలు పాడవుతుంది. గోటుసోషల్‌కి ముందు వైపున కాడీ లాంటి రివర్స్ ప్రాక్సీ (బయటి అభ్యర్థనల్ని అందుకుని లోపలికి పంపే ప్రోగ్రామ్) పెడుతున్నారు కాబట్టి లెట్స్ఎన్‌క్రిప్ట్‌ని (హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ తెచ్చే సెట్టింగ్) ఆఫ్‌లో ఉంచి, పోర్టు 8080 అలాగే వదిలేయండి.

ఖాతా చేసేది కమాండ్ లైన్ నుంచే: అడ్మిన్ అకౌంట్ క్రియేట్, దానికి యూజర్ పేరు, ఈమెయిల్, పాస్‌వర్డ్. పాస్‌వర్డ్ బలహీనంగా ఉంటే ఒప్పుకోదు, పొడవైన వాక్యం ఇవ్వండి. తర్వాత అడ్మిన్ అకౌంట్ ప్రమోట్ కొడితే మీరే నిర్వాహకులు. బోర్డు ఆన్ కాగానే సర్వర్‌ని మొదలుపెట్టే సిస్టమ్‌డీ యూనిట్ ఫైలు నమూనా కూడా వాళ్లే ఇస్తారు. లైనక్స్ కమాండ్లు అలవాటున్నవాళ్లకి ఇంతవరకూ గంట పని.

అసలు చిక్కు: బయటివాళ్లు మీ ఇంటికి రావడం

రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (బయటి ఇంటర్నెట్ వైపు చిరునామా) చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపల మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నారు, అంటే ఒకే ఐపీ చిరునామాని కంపెనీ చాలామందికి పంచిపెట్టింది. అప్పుడు రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా ఫలితం ఉండదు. మన దగ్గర ఇళ్లకిచ్చే ఫైబర్ కనెక్షన్లలో ఇది చాలా మామూలు. నాలుగు దారులున్నాయి.

కంపెనీనడిగి స్టాటిక్ ఐపీ, అంటే మీ ఒక్కరికే చెందిన మారని చిరునామా, కొనుక్కోవడం ఒకటి. ఇస్తే మంచిదే, 80, 443 పోర్టులు తెరిచి ఉన్నాయో లేదో ముందే అడగండి. ఐపీవీ6 (కొత్త రకం ఐపీ చిరునామాలు; పాతవి ఐపీవీ4) మీద మాత్రమే నడపడం రెండోది. ఇది చాలా ఇళ్లలో వెంటనే పనిచేస్తుంది, కానీ ఐపీవీ4 మాత్రమే ఉన్న సర్వర్లు మీ దాకా రాలేవు. కొందరికి మీరు కనిపిస్తారు, కొందరికి కనిపించరు, ఎవరికో ఎందుకో తెలుసుకోవడమే ఒక పని అవుతుంది. దీన్ని నేను సిఫారసు చెయ్యను.

మూడోది క్లౌడ్‌ఫ్లేర్ టనల్, అంటే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ సర్వర్ల గుండా మీ ఇంటికి దారి. ఉచితం, అరగంటలో అయిపోతుంది, రౌటర్ జోలికి వెళ్లక్కర్లేదు. రెండు సంగతులు తెలిసి వాడండి. మీ ట్రాఫిక్ గుప్తీకరణ వాళ్ల దగ్గరే విడుతుంది, అంటే వాళ్లు తలుచుకుంటే చూడగలరు. రెండు, అందులో బాట్లని అడ్డుకునే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, మీకు పోస్టులు తెచ్చే ఇతర సర్వర్లని కూడా బాట్లనుకుని వెనక్కి పంపిస్తుంది. అవి మనుషులు కావు, బ్రౌజర్లు కావు కదా. ఫాలో రిక్వెస్ట్ గంటలకొద్దీ పెండింగ్‌లో ఉంటే మొదట చూడాల్సింది ఇదే.

నాలుగోది నేను ఇష్టపడేది: నెలకి నాలుగైదు డాలర్ల చిన్న వీపీఎస్ (అద్దెకిచ్చే వర్చువల్ సర్వర్) తీసుకుని, ఇంట్లోని రాస్‌బెర్రీ పైకీ దానికీ మధ్య వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో టనల్ వెయ్యడం. వీపీఎస్‌లో కాడీ ఒక్కటే ఉంటుంది కాబట్టి 512 ఎంబీ ర్యామ్ సరిపోతుంది. డేటా మొత్తం ఇంట్లోనే, వీపీఎస్ వట్టి గుమ్మం. నచ్చకపోతే ఇంకో కంపెనీ వీపీఎస్‌కి ఒక సాయంత్రంలో మారిపోవచ్చు. ఇందులో తగిలే దెబ్బలు నాలుగు.

మొదటిది, సీజీనాట్ వెనకనుంచి కనెక్షన్ కాసేపు ఖాళీగా ఉంటే మధ్యలోని పెట్టె ఆ దారిని మర్చిపోతుంది. ఇంటి వైపు కాన్ఫిగ్‌లో పర్సిస్టెంట్-కీప్‌అలైవ్ (PersistentKeepalive) 25 సెకన్లు పెట్టండి.

రెండోది ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు బైట్లలో. వైర్‌గార్డ్ మామూలుగా 1420 పెట్టుకుంటుంది. ఇంటి కనెక్షన్ పీపీపీఓఈ (రౌటర్లో యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి కలిసే రకం) అయితే దాని గరిష్ఠం 1500 కాదు 1492, కాబట్టి టనల్‌ని 1412కి దించాలి. దీని లక్షణం విచిత్రంగా ఉంటుంది: ప్రొఫైల్ పేజీ తెరుచుకుంటుంది, చిన్న పోస్టులు వెళ్తాయి, ఫొటో పెట్టబోతే మాత్రం ఎక్కడా ఎర్రర్ లేకుండా వేలాడుతూ ఉంటుంది. చిన్నవి వెళ్లి పెద్దవి ఆగుతున్నాయంటే ఎంటీయూ మీద అనుమానం పెట్టుకోవాలి.

మూడోది గడియారం. వైర్‌గార్డ్ ప్రతి పలకరింపులోనూ సమయం పంపుతుంది, ఇంతకుముందు చూసిన సమయం కంటే పాతది వస్తే అవతలి కొస దాన్ని ఒప్పుకోదు. పాత సందేశాన్ని ఎవరైనా మళ్లీ పంపి మోసం చెయ్యకుండా ఆ జాగ్రత్త. బ్యాటరీ లేని పై కరెంటు పోయి లేచినప్పుడు గడియారం గంట దాకా వెనక్కి వెళ్లి ఉండొచ్చు. అప్పుడు టనల్ కలవదు. సమయం ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుందామంటే, ట్రాఫిక్ మొత్తం టనల్ గుండానే పొమ్మని పెట్టినవాళ్లకి ఇంటర్నెట్టే ఉండదు. ఒకదానికోసం ఒకటి ఆగిపోతాయి. పరిష్కారం రెండు వైపులా చెయ్యండి: ఆ చిన్న బ్యాటరీ తగిలించండి, ఇంటి వైపు అలౌడ్-ఐపీస్‌లో (టనల్ గుండా ఏ చిరునామాలకి వెళ్లాలో చెప్పే వైర్‌గార్డ్ సెట్టింగ్) వీపీఎస్ లోపలి చిరునామా ఒక్కటే ఇవ్వండి. గడియారం తప్పితే యాక్టివిటీపబ్ సంతకాలు కూడా చెల్లవు, ఎందుకంటే ప్రతి సందేశంలోనూ తేదీ కలిపి సంతకం ఉంటుంది. గోటుసోషల్ యూనిట్‌ని సమయం సరిపోలాకే మొదలయ్యేలా టైమ్-సింక్ టార్గెట్ తర్వాత పెట్టండి.

నాలుగోది ప్రాక్సీ సెట్టింగులు. ట్రస్టెడ్-ప్రాక్సీస్‌లో టనల్ చిరునామా చేర్చకపోతే, లోకంలోని సర్వర్లన్నీ ఒకే ఐపీ నుంచి వస్తున్నట్టు గోటుసోషల్‌కి కనిపిస్తుంది. ఐదు నిమిషాలకి 300 అభ్యర్థనల పరిమితి చిటికెలో నిండి అందరికీ 429 (పరిమితి దాటింది) అనే ఎర్రర్ వెళ్తుంది. కాడీ బదులు ఎన్‌జింక్స్ అనే ప్రాక్సీ వాడేవాళ్లు హోస్ట్ హెడర్‌ని ఉన్నదున్నట్టు లోపలికి పంపాలి, లేకపోతే సంతకాలు సరిపోలక 401లు వస్తాయి. ఎన్‌జింక్స్ అప్‌లోడ్ హద్దు మొదట్లో 1 ఎంబీయే, దాన్ని 40కి పెంచకపోతే ఫోన్ ఫొటో ప్రతిదీ 413తో తిరిగొస్తుంది.

అంతా అయ్యాక ఇంటి వైఫై ఆపి, మొబైల్ డేటా మీద పరీక్షించండి. పెద్ద మాస్టొడాన్ సర్వర్ ఒకదాన్నుంచి మీ పూర్తి చిరునామా వెతకండి. కనిపించి, ఫాలో కొట్టగానే అంగీకారం తిరిగొస్తే రెండు దారులూ సరిగ్గా ఉన్నట్టే.

కరెంటు

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే సగం పని అయినట్టే. చాలా ఇన్వర్టర్లకి వెనకాల ఈకో, యూపీఎస్ అని స్విచ్ ఉంటుంది. ఈకోలో ఉంటే కరెంటు పోయి బ్యాటరీకి మారే ఆ కాస్త వ్యవధిలో పై రీస్టార్ట్ అయిపోవచ్చు, యూపీఎస్‌లో పెట్టండి. ఫైబర్ పెట్టె, రౌటర్, పై మూడూ ఇన్వర్టర్ లైన్ మీదే ఉండాలి, ఒకటి వదిలినా మిగతా రెండూ వృథా. రౌటర్ల కోసం అమ్మే 12 వోల్టుల మినీ యూపీఎస్ రౌటర్‌కి బాగుంటుంది. వాటిలో ఉండే యూఎస్‌బీ పోర్టుతో పైని నడపొద్దు, అది సాధారణంగా 2 ఆంపియర్లే ఇస్తుంది.

కరెంటు రెండు మూడు గంటలు లేకపోతే పోస్టులు పోతాయని భయం వద్దు. అవతలి మాస్టొడాన్ సర్వర్లు అందని వాటిని మళ్లీ మళ్లీ పంపి చూస్తాయి. వేర్వేరు ఏడు రోజుల్లో పంపడం విఫలమైతేనే మీ సర్వర్ పోయిందని నిర్ధారించుకుని ఆపుతాయి. ఊరెళ్లేటప్పుడు ఆఫ్ చేసి వెళ్లేవాళ్లు ఆ లెక్క గుర్తుంచుకోవాలి.

నడపడం మొదలయ్యాక

మొదటి వారం ఖాళీగా ఉంటుంది. ఒంటరి సర్వర్‌కి మీరు ఫాలో అయినవాళ్ల పోస్టులే వస్తాయి. హ్యాష్‌ట్యాగ్ ఫాలో అవొచ్చు గానీ, మీ సర్వర్‌కి ఎలాగూ చేరుతున్న పోస్టుల్లో ఆ ట్యాగ్ ఉన్నవే కనిపిస్తాయి. తెలుగులో రాసేవాళ్లని వెతుక్కోవాలంటే ఏదైనా పెద్ద సర్వర్ వెబ్ పేజీలో తెలుగు ట్యాగులు తెరిచి, అక్కడ దొరికిన చిరునామాల్ని మీ యాప్‌లో వెతికి ఫాలో అవ్వండి. కొత్తగా ఫాలో అయినవాళ్ల పాత పోస్టులు రావు, అది లోపం కాదు, ఈ పద్ధతే అంత. యాప్‌లో పోస్టు భాషని తెలుగు అని పెట్టండి. భాషని బట్టి వడపోసుకునేవాళ్లకి మీరు సరిగ్గా చేరేది, అవతల అనువాదం బటన్ కనిపించేది దానివల్లే.

ఇతరుల ఫొటోల కాపీలు మామూలుగా 7 రోజులు ఉంచుకుని ఆపైన తుడిచేస్తుంది, కావాలంటే మళ్లీ తెస్తుంది. అందుకే 256 జీబీ డిస్కు నిండదు. వీడియోల దగ్గర మాత్రం పై ఆయాసపడుతుంది. పెద్ద వీడియో అప్‌లోడ్ చేస్తే యాప్ టైమ్‌అవుట్ అనొచ్చు, ముందే ఫోన్‌లో కుదించి పెట్టండి.

ఇక బ్యాకప్. సర్వర్ నడుస్తుండగా డేటాబేస్ ఫైలు కాపీ కొడితే చెల్లదు. తాజా రాతలు పక్కనున్న వ్యాల్ ఫైల్లో ఉంటాయి, ఆ కాపీ సగం సగంగా వస్తుంది. ఎస్‌క్యూలైట్ కమాండ్‌లోని బ్యాకప్ ఆదేశం వాడండి, లేదా సర్వర్ ఆపి కాపీ చెయ్యండి. ఫొటోల్లో మీవి మాత్రమే దాచుకుంటే చాలు, వాటి జాబితా ఇచ్చే కమాండ్ అడ్మిన్ మీడియా కింద ఉంది. రాత్రికోసారి రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్‌తో ఇంకో డిస్కుకీ, ఒక బయటి చోటుకీ పంపండి. ఇది ఎందుకు తప్పనిసరి అంటే, మీ ఖాతా సంతకం తాళంచెవి ఆ డేటాబేస్‌లోనే ఉంటుంది. అది పోయి, అదే డొమైన్ మీద కొత్తగా మొదలుపెడితే, బయటి సర్వర్ల దగ్గర పాత తాళం ఉంటుంది, కొత్త సంతకాన్ని నమ్మవు. అప్పుడు డొమైన్ మార్చుకోవడమే గతి.

అప్‌గ్రేడ్ అంటే పాత ఫైలు తీసి కొత్తది పెట్టడమే. కొన్ని వెర్షన్లలో మొదటి స్టార్ట్‌లో డేటాబేస్ మార్పులు చేసుకుంటుంది, పాత డేటా ఎక్కువుంటే చాలాసేపు పట్టొచ్చు. ఇరుక్కుపోయిందనుకుని మధ్యలో చంపకండి. ముందు బ్యాకప్, తర్వాత లాగ్ చూస్తూ ఓపిక.

రిజిస్ట్రేషన్లు మొదట్నుంచీ మూసే ఉంటాయి, అలాగే ఉంచండి. ముక్కూమొహం తెలియనివాళ్లకి ఇంటి సర్వర్లో ఖాతాలివ్వడం నేను గట్టిగా వద్దనే మాట. ఇతరుల రాతలు మోసేవాళ్లు మన చట్టంలో మధ్యవర్తులు, వాళ్లకి 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల బాధ్యతలు ఉంటాయి. చాలా ఇంటి ప్లాన్లలో పబ్లిక్ సర్వర్లకి అనుమతి లేదని షరతు కూడా ఉంటుంది, మీ ప్లాన్ షరతులు చదవండి.

బ్లూస్కై మాటేమిటి

బ్లూస్కై కూడా ట్విట్టర్ లాంటి సోషల్ నెట్‌వర్కే. దానిలోనూ ఇంట్లో నడుపుకునే భాగం ఉంది, పీడీఎస్ అంటారు. 1 జీబీ ర్యామ్ చాలు, పెట్టడం గోటుసోషల్ కంటే తేలిక. మీ పోస్టులు మీ డిస్కులో ఉంటాయి, మీ డొమైనే మీ పేరు. ఆ పోస్టుల్ని పోగేసి టైమ్‌లైన్‌గా చూపించే పెద్ద యంత్రాంగం మాత్రం వేరేచోట నడవాలి, ఇవాళ్టికి అది ఎక్కువగా బ్లూస్కై కంపెనీ చేతుల్లోనే ఉంది. గోటుసోషల్‌లో రెండు ఇళ్ల సర్వర్లు మధ్యలో ఎవరూ లేకుండా నేరుగా మాట్లాడుకుంటాయి. ఇంట్లో సర్వర్ పెట్టేదే అందుకు కాబట్టి నా ఓటు దీనికి.

పాత ఖాతా తెచ్చుకోవడం, మూసెయ్యడం

మాస్టొడాన్‌లో ఇప్పటికే ఖాతా ఉంటే ఫాలోవర్లని తెచ్చుకోవచ్చు. ముందు గోటుసోషల్ సెట్టింగుల్లో పాత చిరునామాని ఎలియాస్‌గా, అంటే మీదేనన్న మారుపేరుగా, చేర్చండి, తర్వాత పాత ఖాతా నుంచి మూవ్ కొట్టండి. ఫాలోవర్లు వాళ్లంతట వాళ్లే ఇటు మారతారు. మీరు ఫాలో అయ్యేవాళ్ల జాబితాని సీఎస్‌వీగా దించి ఇక్కడ ఎక్కించుకోవాలి. పోస్టులు రావు. మాస్టొడాన్ వైపు మూవ్ ఒకసారి చేస్తే మళ్లీ చెయ్యడానికి 30 రోజులు ఆగాలి, కాబట్టి సర్వర్ రెండు మూడు వారాలు నిలకడగా నడిచాకే ఆ పని పెట్టుకోండి.

ఎప్పుడైనా ఆపెయ్యాలనిపిస్తే ప్లగ్ పీకేసి ఊరుకోవద్దు. ఫాలోవర్లని ఇంకో ఖాతాకి మూవ్ చేసి, ఆ తర్వాత ఖాతాని డిలీట్ చెయ్యండి. అప్పుడే బయటి సర్వర్లకి మీ పోస్టులు తీసెయ్యమన్న కబురు వెళ్తుంది. ఆ కబుర్లు అందరికీ చేరేదాకా కొన్ని రోజులు సర్వర్‌ని ఆన్‌లోనే ఉంచండి. డొమైన్‌ని ఆపైన ఇంకో ఏడాదైనా రెన్యూ చేయించుకోండి, లేకపోతే ఇంకెవరో కొనుక్కుని మీ పాత చిరునామాతో ఖాతా తెరవగలరు.